కృత్రిమ మేధ: ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనవాడు

చోడవరంలో గ్రూప్స్‌కు చదివేవారు కృత్రిమ మేధ పాఠంలో వదలకూడని పేరు రాజ్ రెడ్డి. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. జాన్ మెకార్థీ శిష్యుడిగా స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ చేశారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం ఆయన ప్రత్యేకత. 1994 ట్యూరింగ్ అవార్డు ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిసి వచ్చింది. ఒక్కరికే అన్న ఆప్షన్‌కు పడిపోకండి. మన ట్రిపుల్ ఐటీల ఆర్జీయూకేటీకి తొలి చాన్సలర్ కూడా ఆయనే.

ఇక ఆన్‌లైన్ చదువులో కృత్రిమ మేధ గురించి అడిగేది అడాప్టివ్ లెర్నింగ్. పిల్లాడు భిన్నాల లెక్క తప్పితే సాఫ్ట్‌వేర్ కింది తరగతి లెక్క ఇచ్చి, అది వచ్చాకే పైకి తెస్తుంది. ఆన్‌లైన్ చదువు వేదికల తేదీలూ అడుగుతారు: స్వయం 2017 జూలై 9న, దీక్ష అదే ఏడాది సెప్టెంబరు 5న మొదలయ్యాయి. జతపరచమంటే తారుమారయ్యేవి ఈ తేదీలే.