కథలో ఎవరికి ఏ పేరు?

ఈ సంచిక కోసం మేము కొందరం కథలు రాసి, ఒక రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకరివి ఒకరం చదువుకున్నాము. కథలు వేరైనా కథానాయకులంతా విజయ్, కిరణ్, రాజ్‌లే. జీతగాడు మాత్రం ప్రతి కథలోనూ ఎల్లయ్య, పనిమనిషి పుల్లమ్మ. మాలో ఒక మిత్రుని నాన్నగారిది సరిగ్గా అలాంటి పేరే. అతనూ తన కథలో జీతగాడికి ఆ పేరే పెట్టాడు! సినిమాలు చూసి మాకు అబ్బిన అలవాటు ఇది.

పెద్ద రచయితలు పేర్లు ఎలా పెట్టారో అప్పుడు పుస్తకాలు తిరగేశాము. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' (1897, పెంచి రాసిన రెండో కూర్పు 1909) చూడండి. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు. లుబ్ధుడంటే పిసినారి. ఇట్టే మండిపడే ఆయన అగ్నిహోత్రావధాన్లు. ఎత్తులు వేసే కరటకశాస్త్రికి పంచతంత్రంలోని నక్క పేరు. నవ్వించే నాటకానికి ఇది చక్కగా కుదిరింది. అన్ని కథలకూ ఇదే పద్ధతి అయితే పాత్ర ఏం చేస్తుందో పాఠకుడికి ముందే తెలిసిపోతుందని మా అభిప్రాయం.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారిది వేరే దారి. 1922లో వెలువడిన 'మాలపల్లి'లో తండ్రి రామదాసు, కొడుకులు వెంకటదాసు, సంగదాసు. భక్తి గల ఇంట్లో సహజంగా ఉండే పేర్లు. నవల రెండో పేరు 'సంగవిజయము'. అంటే పల్లెలోని కూలి కుర్రవాని పేరు అట్టమీదికి ఎక్కిందన్నమాట.

మరి మనకు పేర్లు ఎక్కడ దొరుకుతాయి? సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయనమ్మను అడగండి. పోలేరమ్మకు మొక్కుకుంటే పోలయ్య, ఎల్లమ్మకు మొక్కుకుంటే ఎల్లయ్య, మైసమ్మకు మొక్కుకుంటే మైసయ్య. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరువాతి బిడ్డను పెంటకుప్పమీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పిలిచేవారు. ఎంగిలి విస్తళ్లలో దొర్లిస్తే పుల్లయ్య. ఆ పేరు వెనుక బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఉంది. విజయ్ అనే పేరులో ఆ కథ మాకైతే కనబడలేదు.

ఇంకొకటి. హాజరుపట్టీలో పెంటయ్య, వాడలో పెంటన్న, ఆసామి పిలిస్తే పెంటిగాడు. ఎవరు ఎలా పిలిచారో రాస్తే చాలు, వర్ణన సగం తగ్గుతుంది. రాము, రాజు, రాజయ్య అని ఒకే కథలో పెట్టకండి, చదివేవారు తికమకపడతారు. రూంమేట్ పేరు అసలే వద్దు, కొట్లాట వస్తుంది!

ఆ మిత్రుని కథ ఈ సంచికలోనే ఉంది. ఇప్పుడు ఎల్లయ్యే కథానాయకుడు. విజయ్ రెండో పేజీలో ఒక్కసారి వచ్చి పోతాడు.