సెకనులో అరవయ్యో వంతు: ఆటల కంప్యూటరుకు భాగాల ఎంపిక

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో ఏదో ఒకనాడు వినవచ్చే మాట ఒకటి ఉన్నది: "నాన్నా, నేను కంప్యూటరు కొనుక్కోను, భాగాలు తెచ్చి నేనే బిగించుకుంటాను." ఆ మాట మా ఇంట రెండుసార్లు వినిపించింది. మొదట 2019లో మా అబ్బాయి నోట, తరువాత 2025లో మా అమ్మాయి నోట. మొదటిసారి సలహా ఇచ్చినవాడిని నేనే. ఆ సలహా తప్పు. వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరును, 1990లలో స్వయంగా కంప్యూటర్లు బిగించినవాడిని కనుక నాకు తెలియనిది ఏముంటుందని అనుకున్నాను. తాతగారూ అమ్మమ్మగారూ పుట్టినరోజులకు ఇచ్చిన డబ్బును ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పిల్లవాడి చేత అందులో పెద్ద భాగం ప్రాసెసరు మీద పెట్టించాను. మిగిలిన చిల్లరతో ఒక చిన్న గ్రాఫిక్సు కార్డు వచ్చింది. వాడు ఎంతో కాలంగా ఎదురుచూసిన ఆట తెరమీద నత్తనడక నడిచింది. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదేమో.

నా పొరపాటుకు ఒక చరిత్ర ఉన్నది. 1993లో వచ్చిన 'డూమ్', 1996లో వచ్చిన 'క్వేక్' ఆటలను నా తరం వారు మరచిపోయి ఉండరు. ఆ రోజులలో తెరమీది ప్రతి చుక్కకూ ఏ రంగు వేయాలో లెక్కకట్టవలసిన భారం ప్రాసెసరుదే. 486 స్థానంలో పెంటియం పెడితే ఆట పరుగెత్తేది. కాని అదే 1996లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ 'వూడూ' కార్డు వచ్చింది. 1999లో ఎన్విడియా 'జీఫోర్స్ 256' వచ్చింది. రంగులు నింపే పని, ఆ తరువాత త్రిపరిమాణ రూపాలను తిప్పి నిలిపే జ్యామితి పని, ఒకటొకటిగా ప్రాసెసరు చేతినుంచి కార్డు చేతికి మారాయి. నా జ్ఞానం మాత్రం 1995 దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు పని జరిగే తీరును పరిశీలిద్దాం. ఆటలో మనకు కనిపించే చలనం నిజానికి వరుసగా మారే నిశ్చల చిత్రాల సమాహారం. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కొక్క చిత్రానికి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. సెకనుకు 144 కావాలంటే 6.9 మాత్రమే. ఆ వ్యవధిలో ఇద్దరు పనివారు తమ తమ పనులు ముగించాలి.

సంక్రాంతి ముగ్గును ఊహించుకోండి. ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చొని రథం ఎక్కడ, పద్మం ఎక్కడ, చిలుకలు ఎటు చూడాలి అని నిర్ణయిస్తుంది. వాకిట్లో పదిమంది ఆడపిల్లలు ఆ ప్రకారం రంగులు నింపుతారు. పెద్దావిడ ప్రాసెసరు, ఆడపిల్లలు గ్రాఫిక్సు కార్డు. ఈ పోలిక నేను సరదాకు చెప్పినది కాదు. ప్రాసెసరులో ఆరో ఎనిమిదో కోర్లుంటాయి; ఒక్కొక్కటీ చిక్కు నిర్ణయాలు చేయగల సమర్థురాలు. కార్డులో సరళమైన లెక్కలు చేసే చిన్న గణకాలు వేలల్లో ఉంటాయి. ఉదాహరణకు 2025లో విడుదలైన ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 4,608 ఉన్నాయి. పిల్లలు ఒక ముగ్గుకు రంగులు వేస్తుండగానే పెద్దావిడ తరువాతి ముగ్గు ఆలోచిస్తుంది కనుక ఇద్దరి సమయాలను కూడనక్కరలేదు. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తారో వారి వేగమే మొత్తం వేగం. పెద్దావిడ ఎంత చురుకైనదైనా, రంగులు నింపేవారు ఇద్దరే ఉంటే వాకిలి తెల్లవారేదాకా నిండదు. 2019లో నేను చేయించిన నిర్వాకం ఇదే.

మరొక విశేషం ఉన్నది. వాకిలి పెద్దదైతే పెద్దావిడ నిర్ణయాలు దాదాపు అంతే ఉంటాయి. పెరిగేది రంగు పని. 1920 × 1080 తెరలో 20,73,600 చుక్కలున్నాయి. 2560 × 1440 తెరలో 36,86,400. 3840 × 2160 తెరలో 82,94,400, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. కాబట్టి ఎంపిక తెరతో ఆరంభం కావాలి. ఇంట్లో ఉన్నది 60 హెర్ట్జుల పాత తెర అయితే, సెకనుకు 200 చిత్రాలు తయారుచేసే కార్డు కొన్నా ఆ తెర వాటిలో 60కి మించి చూపలేదు. తెరకంటే ముందు అడగవలసిన ప్రశ్న "ఏ ఆట?" అన్నది. 'కౌంటర్‌స్ట్రైక్ 2', 'వాలరెంట్' వంటి పోటీ ఆటలు ఆడేవారు అందచందాలు తగ్గించుకొని చిత్రాల సంఖ్య పెంచుకుంటారు. అక్కడ ప్రాసెసరుకు విలువ ఎక్కువ. 'సైబర్‌పంక్ 2077' వంటి ఆటలో వెలుగు కిరణాలు ఒక్కొక్కటీ ఎక్కడ తగిలి ఎటు మళ్ళుతున్నాయో లెక్కకట్టేది కార్డు. మా అమ్మాయి ఆడేవి రెండవ కోవకు చెందినవి.

ఇంట్లో ఉన్న యంత్రంలో మందకొడి ఎవరో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి ఉన్నది. ఆట సెట్టింగులలో చుక్కల సంఖ్య తగ్గించి చూడండి. చిత్రాల వేగం పెరిగితే లోపం కార్డుది. కదలకుండా ఉంటే ప్రాసెసరుది. మా అబ్బాయి పాత పెట్టె మీద అమ్మాయి ఈ పరీక్ష చేసింది. 1920 × 1080 నుంచి 1280 × 720కి దిగగానే వేగం సెకనుకు 38 చిత్రాల నుంచి 70కి పెరిగింది. ఆరేళ్ళ కిందట ఐదు నిమిషాలలో తేలవలసిన సంగతి అది. నాకు తోచలేదు.

సమీక్షలలో ఇచ్చే సగటు అంకెలను నమ్మి మోసపోకూడదు. ఒక సెకనులో 89 చిత్రాలు పదేసి మిల్లీసెకన్లలో వచ్చి, చివరి ఒక్క చిత్రం 110 మిల్లీసెకన్లు తీసుకున్నదనుకోండి. సగటు 90, చూడ ముచ్చటైన అంకె. కాని ఆ ఒక్క చిత్రం దగ్గర కంటికి కుదుపు తగులుతుంది. అందుచేత మంచి సమీక్షకులు అతి నెమ్మదైన ఒక శాతం చిత్రాల వేగాన్ని విడిగా ఇస్తారు. చూడవలసిన అంకె అది.

కుదుపులకు ప్రధాన కారణాలలో ఒకటి కార్డులోని మెమరీ చాలకపోవడం. నేను పైన చెప్పిన కార్డే రెండు రూపాలలో వచ్చింది: 8 గిగాబైట్లది విడుదల నాటికి 379 డాలర్లు, 16 గిగాబైట్లది 429 డాలర్లు. గణకాలు రెండింటిలోనూ ఒక్కటే. ఆ కార్డు తన సొంత మెమరీతో సెకనుకు 448 గిగాబైట్ల వేగంతో మాట్లాడగలదు. ఆ మెమరీ నిండిపోతే, గోడల రాతి చిత్రాలూ చెట్ల ఆకుల చిత్రాలూ మదర్‌బోర్డు మీది దారిగుండా ప్రధాన మెమరీ నుంచి రావాలి. ఆ దారి వేగం మహా అయితే సుమారు 32 గిగాబైట్లు, పదునాల్గవ వంతు. పాత మదర్‌బోర్డు అయితే అందులోనూ సగమే. యాభై డాలర్ల ఆదా ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి ఊహించవచ్చు. అమ్మాయి 16 గిగాబైట్లదే కావాలన్నది. ఈసారి నేను అడ్డు చెప్పలేదు.

అలాగని ప్రాసెసరును చిన్నచూపు చూడమని నా భావం కాదు. నేటి ఆటలకు ఆరు మంచి కోర్లు చాలు. కోర్ల సంఖ్యకంటే ఒక్కొక్క కోరు చురుకుదనం ముఖ్యం. ప్రాసెసరుకు అసలు శత్రువు నిరీక్షణ. ప్రధాన మెమరీ నుంచి ఒక అంకె రావడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుంది. సెకనుకు 500 కోట్ల స్పందనల ప్రాసెసరుకు అది 400 స్పందనల కాలహరణం. వంటింట్లో అందుబాటులో ఉన్న పోపుల పెట్టెకూ, వీధి చివరి కొట్టుకూ ఉన్నంత తేడా. అందుకే ఏఎండీ సంస్థ 2022లో రైజెన్ 7 5800ఎక్స్‌3డీ అనే ప్రాసెసరు మీద అదనపు క్యాష్ పొరను పేర్చి, మూడవ అంచె క్యాష్‌ను 96 మెగాబైట్లకు పెంచింది. అనేక ఆటలలో అది తనకంటే ఎక్కువ గిగాహెర్ట్జులున్న వాటిని దాటిపోయింది. డబ్బు మిగిలితే ఆ కోవకు చెందిన ప్రాసెసరు మంచిదే, కార్డు కొన్న తరువాత.

ప్రధాన మెమరీ కొనేటప్పుడు 32 గిగాబైట్ల ముక్క ఒకటి కాక, 16వి రెండు తీసుకోండి. రెండు మార్గాలలో ఒకేసారి రాకపోకలు జరుగుతాయి. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కొనేముందు ధర చూసుకోవడం అవసరం. మదర్‌బోర్డు విషయంలో ప్రాసెసరు సాకెట్టుకు సరిపోతే, కావలసిన రంధ్రాలుంటే చాలు. రంగు దీపాలకు డబ్బు పెట్టనక్కరలేదు. నిల్వకు ఒక టెరాబైటు ఎన్‌వీఎంఈ ముక్క సరి.

ఇక పవరు సప్లై. పిల్లల జాబితాలలో చివర, ధర తగ్గించడానికి వీలుగా కనిపించే వస్తువు ఇది. 2019లో పెట్టెతోపాటు ఉచితంగా వచ్చినదానితో సరిపెట్టాను. 2021లో ఒక సాయంత్రం కాలిన వాసన వచ్చి యంత్రం ఆగిపోయింది. పోతూ పోతూ డిస్కును కూడా తీసుకుపోయింది. అందులో మా అమ్మగారి సహస్ర చంద్ర దర్శనం ఫొటోలున్నాయి. వేరే ప్రతి లేదు. ఆ తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. తప్పులో నాకూ వాటా ఉన్నది.

గోడలోని 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం దీని పని. 180 వాట్ల కార్డుకు 12 వోల్టుల వద్ద 15 ఆంపియర్లు కావాలి. అమెరికా ఇళ్ళలో ఒక గదికంతటికీ సాధారణంగా ఇచ్చే ఫ్యూజు పరిమితి అంతే! అంత ప్రవాహం సన్నని తీగలలో, చిన్న కొనలలో పారుతున్నదని గుర్తుంటే కొనలను చివరిదాకా నొక్కి బిగిస్తాం. 2022లో పెద్ద కార్డుల కొనలు కరిగిన వార్తలు చాలామంది చదివే ఉంటారు. అమ్మాయి పెట్టెలో కార్డుకు 180, ప్రాసెసరుకు 90, తక్కిన వాటికి 60, వెరసి 330 వాట్లు. మేము 650 వాట్ల, '80 ప్లస్ గోల్డ్' ముద్రగల సప్లై తీసుకున్నాము. సగం బరువు దగ్గర ఆ ముద్రకు కావలసిన సామర్థ్యం 90 శాతం. క్షణికంగా కార్డు ఎక్కువ లాగినా తట్టుకొనే చోటు మిగులుతుంది.

కంప్యూటరును స్వదేశానికి తీసుకుపోదలచిన వారికి ఒక మాట. పూర్వం సప్లై వెనుక 115, 230 అని ఎర్రని మీట ఉండేది. 1998లో హైదరాబాదులో మా తమ్ముడి ఇంట ఆ మీట మార్చడం మరచి ప్లగ్గు పెట్టాను. దీపావళి ముందే వచ్చింది. ఇప్పటి మంచి సప్లైలు 100 నుంచి 240 వోల్టుల దాకా వాటంతట అవే సర్దుకుంటాయి. అయినా చీటీ మీద ఆ అంకెలు చదివిన తరువాతనే ప్లగ్గు పెట్టండి.

ఒక ఆదివారం అమ్మాయి అన్నిటినీ బిగించింది. నేను స్క్రూలు అందించాను. మొదట ఆట అధ్వాన్నంగా కదిలింది. తెర తీగను కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించింది. చాలామంది చేసే పొరపాటే. మార్చిన తరువాత బయాస్‌లోకి వెళ్ళి మెమరీని దాని పెట్టెమీద రాసిన వేగానికి పెట్టింది. లేకపోతే అది తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది. అయినా చిత్రాలు 60 దగ్గరే నిలిచాయి. కళాశాలలో ఉన్న వాళ్ళ అన్నయ్యకు ఫోను చేస్తే, "విండోస్‌లో తెర హెర్ట్జులు మార్చారా నాన్నా?" అని అడిగాడు. మార్చలేదు. మార్చగానే అంకె 144కి ఎక్కింది.

మరుసటి వారం వాడి పాత పెట్టెకు అదే కార్డు నా ఖర్చుతో కొని పంపాను. ప్రాసెసరు పాతదే. పరవాలేదు, సరిపోతున్నదట.