ఉపాధ్యాయుని పనిని పరీక్షించుట

ఇన్‌స్పెక్టరుగారు రేపు వత్తురను వార్త పుట్టినంతనే పాఠశాలకు పెండ్లికళ వచ్చును. గోడలకు సున్నము, నల్లబల్లకు నలుపు, గుమ్మమునకు మామిడాకులు. చక్కగా అప్పగింపగల పిల్లలు ముందు బెంచీలకు వత్తురు. తడబడువారు స్తంభముల చాటునకు పోవుదురు. మేము బాల్యమున అట్టి ముందు బెంచీపై కూర్చుంటిమి. ఉపాధ్యాయులమై ఆ తోరణములు కట్టించితిమి. పిమ్మట కొన్ని సంవత్సరములు ఆ తోరణముల క్రిందుగా లోనికి నడచు ఉద్యోగమును జేసితిమి. మూడు తావులను ఎఱిగినవారము గావున, ఉపాధ్యాయుని పనిని తూచుటయందలి కష్టమును గూర్చి కొంత వ్రాయ సాహసించుచున్నాము.

ఇంగ్లాండులో ప్రభుత్వము తొలి ఇన్‌స్పెక్టరులను 1839లో నియమించెను. వారు పోవునది పెత్తనము చేయుటకు గాదు, తోడ్పడుటకే యని 1840 నాటి సూచనలలో నుండెను. మంచి మాటయే. కాని 1862లో, విద్యాశాఖ వ్యవహారములను నడపుచుండిన రాబర్టు లో అను రాజకీయవేత్త, ఖజానా సొమ్మునకు తగిన ఫలము కనబడవలెనని క్రొత్త నిబంధనలను తెచ్చెను. హాజరునకు పిల్లవానికి 4 షిల్లింగులు. చదువు, వ్రాత, లెక్కలు మూడింటను నెగ్గినచో 8 షిల్లింగులు. ఒక్కొక్క దానిలో తప్పినకొలది 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఇట్లు బాలుని ప్రతి తప్పునకును ఒక వెల యేర్పడెను. పెక్కుచోట్ల పంతులుగారి జీతమును ఆ గ్రాంటునుబట్టియే యుండెను.

1861లో 8 లక్షల పౌనులు దాటియుండిన గ్రాంటు, 1865 నాటికి ఆరున్నర లక్షలకు లోబడెను. ఖజానావారు సంతసించియుందురు! తరగతిలో జరిగినది వేఱు. చరిత్ర, భూగోళము మూలబడెను. పిల్లలు వాచకమును మొదటినుండి తుదివఱకు కంఠస్థము చేసిరి. పుస్తకమును తలక్రిందుగా పట్టుకొనియు తడబడక చదివిన పిల్లలను గూర్చిన ముచ్చటలు ఆ కాలమునుండి వచ్చినవే. కవియు, 1851 మొదలు 1886 వఱకు ఇన్‌స్పెక్టరుగా నుండినవాడును అగు మాథ్యూ ఆర్నాల్డు, నేర్పుగా తయారుచేసినచో నిజముగా చదువనేరని పిల్లలను సైతము ఆ పరీక్షలో నెగ్గింపవచ్చునని తన నివేదికలోనే వ్రాసెను. మన చెన్నరాజధానిలోను ఫలితములనుబట్టి గ్రాంటునిచ్చు పద్ధతి నడచినది. 1904లో, కర్జను ప్రభువు కాలమున వెలువడిన విద్యాతీర్మానము దానిని విడువవలసినదని చెప్పెను.

అందఱును తప్పులు లెక్కించుటకే రాలేదు. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిన జె. ఏ. యేట్సు దొర తెలుగు పాఠములను వినుచు, పుస్తకములోని తెనుగునకును పిల్లల నోటి తెనుగునకును ఇంత యెడమేల యని యడిగెను. పి. టి. శ్రీనివాసయ్యంగారు, గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. వ్యావహారిక భాషావాదము బలపడినది. ఈ సంగతిని మేము గ్రాంథికమున వ్రాయుచుండుట చూచి చదువరులు నవ్వుకొందురు గాక.

ఇక తరగతిలో చూడవలసినదేమి? కొత్తగా ఈ పనికి వచ్చినవారు పంతులుగారినే చూతురు: కంఠము, దస్తూరి, నిలుచు తీరు. మేమును ఏండ్లకొలది అటులే చూచితిమి. తరువాత కుర్చీని ప్రక్కగోడ కడకు జరిపించి, పిల్లల మొగములు కనబడునట్లు కూర్చుండుట నేర్చుకొంటిమి. పంతులుగారు "అర్థమైనదా?" యని యడుగుదురు, "అయినదండీ" యని యేబది గొంతులు పలుకును. దానివలన తెలియునది శూన్యము. ప్రశ్న వేసిన పిదప ఆయన ఎంతసేపు ఆగుచున్నాడు? 1974లో మేరీ బడ్ రో అను అమెరికా విద్యాపరిశోధకురాలు, ఉపాధ్యాయులు సాధారణముగా ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారనియు, మూడు సెకనులు ఆగినచో పిల్లల జవాబులు దీర్ఘమగుచున్నవనియు ప్రకటించినది. మూడు సెకనులనగా ఎంత? కాని తరగతిలో నిలుచున్నవానికి ఆ మౌనము మూడు గడియలు! నోటుపుస్తకములను గూడ మేమే ఏరుకొందుము, ఇచ్చినవి తీసికొనము. ఒకే తప్పు శ్రావణమునను, మరల సంక్రాంతికిని ఎఱ్ఱసిరాతో దిద్దబడియున్నచో ఆ సిరా వ్యర్థమైనదన్నమాట.

ఇంత చెప్పుచున్న మేము చేసిన పొరపాటును దాచుట న్యాయము గాదు. ఒక పాఠశాలలో ఆఱవ తరగతికి ఒక పంతులమ్మగారు భిన్నములు చెప్పుచుండిరి. పిల్లలు కాగితపు రొట్టెలను కత్తిరించుచు, మూడవవంతు పెద్దదా నాలుగవవంతు పెద్దదా యని వాదులాడుచుండిరి. నల్లబల్లపై ఒక తప్పు జవాబు దిద్దబడకయే యుండెను. పది నిమిషములు నిలిచి, "అదుపు చాలదు, తప్పులు దిద్దుట లేదు" అని నివేదిక పుస్తకమున వ్రాసితిమి. ప్రక్క తరగతి నిశ్శబ్దముగా నుండెను. దానికి "శ్రేష్ఠము" అని వ్రాసితిమి.

మఱుసటి యేడు పోయినప్పుడు ఏడవ తరగతి రెండు సెక్షనులలోను, ఏడింట మూడు వంతులు పెద్దవా, ఎనిమిదింట మూడు వంతులు పెద్దవా యని యడిగితిమి. శ్రేష్ఠమని వ్రాసిన తరగతినుండి వచ్చిన పిల్లలలో పెక్కురు ఎనిమిది పెద్ద అంకె గావున రెండవదే పెద్దదనిరి. రెండవ సెక్షనులో వెనుక బెంచీ బాలిక లేచి, "ఎనిమిదిమందికి పంచితే ముక్క చిన్నదవుతుంది గదండీ" అనెను. ఆ కాగితపు రొట్టెలు ఎవరు చేయించిరో మాకు జ్ఞప్తికి వచ్చెను.

వెంటనే ఆఱవ తరగతికి పోతిమి. అదే పంతులమ్మగారు. పిల్లలు చేతులు కట్టుకొని సూత్రమును ఏకకంఠముగ వల్లించుచుండిరి. కాగితములు లేవు, కత్తెర లేదు. వెలుపలికి పిలిచి యేల మార్చితిరని యడిగితిమి. ఆమె నెమ్మదిగా, "మీరు వ్రాసినది చదువుకొన్నానండి" అనిరి.

మేము నివేదిక పుస్తకము తెప్పించి, పాత వాక్యముపై గీత గీచి, "ఇది మా తప్పు" అని ప్రక్కన వ్రాసి సంతకము చేసితిమి. ఆమె చదివి, హెడ్‌మాస్టరుగారి వంక చూచిరి. ఆయన కత్తెర కొఱకు బంట్రోతును పంపెను.