పూజ పందిరి ఎక్కడ వేయాలి? ఉమ్మడి తోటలో నేల, నీరు, లెక్కలు

వానలు వెనకబడుతున్నాయనగానే కోల్‌కతా అపార్ట్‌మెంట్ సముదాయాల కమిటీ సమావేశాల్లో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: ఈసారి దుర్గాపూజ పందిరి తోటలో ఏ మూల వేద్దాం? పోయినేడు తూర్పు బ్లాకు ముందు వేస్తే అక్కడి గడ్డి పోయింది కాబట్టి ఈసారి పడమటి బ్లాకువాళ్లు భరించాలని ఎవరో ఒకరు అంటారు. న్యాయంగానే ఉంటుంది. వంతులవారీగా పంచుకోవడం మనకు అలవాటైన పద్ధతే. కానీ మట్టికి ఈ పద్ధతి పనికిరాదు.

ఆరోగ్యంగా ఉన్న తోట మట్టిలో ఘనపరిమాణం ప్రకారం దాదాపు సగమే మట్టి రేణువులు. మిగతా సగం ఖాళీ జాగా. అందులో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. వేళ్లు ఊపిరి పీల్చుకోవాలంటే మట్టిలో కనీసం పదో వంతు గాలి ఉండాలని నేల శాస్త్రజ్ఞుల సాధారణ అంచనా. కోల్‌కతాది గంగా డెల్టా ఒండ్రు, బంకపాలు ఎక్కువ. ఎండిన బంకమట్టి గట్టిగా ఉండి బరువును మోస్తుంది. తడిసినప్పుడు రేణువుల మధ్య నీరు కందెనలా పనిచేసి అవి ఒకదానిమీదికొకటి జారి దగ్గరికి చేరతాయి. పెద్ద రంధ్రాలు ముందుగా మూసుకుపోతాయి. గాలి ఆడేదీ, వాననీరు దిగేదీ వాటిలోనుంచే. దుర్గాపూజ వచ్చేది ఆశ్వయుజంలో, అంటే నాలుగు నెలల వాన తర్వాత, నేల ఇంకా తడిగా ఉండగానే. వేల పాదాలు తొక్కడానికి సంవత్సరం మొత్తంలో ఇంతకంటే చెడ్డ సమయం దొరకదు.

ఇంకో సంగతి కమిటీలను ఆశ్చర్యపరుస్తుంది. అణిగిపోవడంలో ఎక్కువ భాగం మొదటి తొక్కుడులోనే జరిగిపోతుంది. రెండోసారి, పదోసారి తొక్కితే కలిగే అదనపు నష్టం అంతకంతకూ తక్కువ. అందుకే పెద్ద కమతాల రైతులు కొందరు ట్రాక్టరు చక్రాలు ఏటా ఒకే చాళ్లలో నడిచేలా చూసుకుంటారు. ఆ చాళ్లను వదులుకుని మిగతా పొలాన్ని కాపాడుకుంటారు. తోటకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పందిరిని ఏటా ఒకే చోట వేసి, ఆ చోటును పచ్చిక కింద లెక్కపెట్టకుండా ఇటుకముక్కలో, ఇసుక కలిపిన గట్టి నేలో చేసుకుంటే నష్టం అక్కడితో ఆగుతుంది. తిప్పుతూ పోతే నాలుగేళ్లలో నాలుగు మూలలూ అణిగిపోతాయి. వంతు న్యాయం పాటించాలనుకుంటే దాన్ని డబ్బులో పాటించవచ్చు. పందిరి పక్కన శబ్దం భరించే బ్లాకువాళ్లకు ఆ ఏడాది నిర్వహణ చందాలో కొంత తగ్గించవచ్చు.

వాదన తేలకపోతే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న, రెండువైపులా తెరిచిన డబ్బాను నేలలోకి కొంచెం దిగగొట్టి అందులో 450 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి. అది సుమారు రెండున్నర సెంటీమీటర్ల వానతో సమానం. ఆ నీళ్లు ఇంకిపోయిన తర్వాత అంతే నీరు మళ్లీ పోసి, ఈసారి ఎంతసేపట్లో ఇంకిందో గడియారం పెట్టి చూడాలి. పందిరి వేసిన చోట, వేయని చోట వచ్చే తేడా ఏ తీర్మానం కంటే గట్టిగా మాట్లాడుతుంది. పైగా ఒకే నగరంలో రెండు తోటల మట్టి ఒకటి కాదు. సాల్ట్ లేక్, అంటే బిధాన్‌నగర్, హుగ్లీ నదిలో తవ్వి గొట్టాల ద్వారా పంపిన ఒండ్రుతో 1960లలో చిత్తడినేలను పూడ్చి కట్టిన నగరం. యుగోస్లావియా వాస్తుశిల్పి దోబ్రివోయె తోష్కోవిచ్ గీసిన ప్రణాళికలో నివాస బ్లాకుల మధ్య పచ్చని జాగాలు వదిలారు. అక్కడి మట్టి ఫలితం పాత నగరంలోని తోటకు వర్తిస్తుందని అనుకోవడానికి లేదు.

ఎవరిది ఈ తోట?

పశ్చిమ బెంగాల్ అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం 1972లో వచ్చింది. తోటలు, ఖాళీ ఆవరణలు ఉమ్మడి ప్రదేశాల కిందికి వస్తాయి. ప్రతి ఫ్లాటు యజమానికీ వాటిలో విడదీయరాని వాటా ఉంటుంది. ఆ వాటాను ఫ్లాటు నుంచి వేరుచేసి అమ్ముకోలేరు, పంచి ఇమ్మని కోర్టుకు పోలేరు. మన వైపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. లండన్‌లోని కెన్సింగ్టన్‌లో ఇళ్లవాళ్లు కమిటీని ఎన్నుకుంటే తోట పన్నును స్థానిక పాలక సంస్థే వసూలు చేసి ఇచ్చేలా 1851లోనే ఒక చట్టం చేశారు. న్యూయార్క్‌లోని గ్రామర్సీ పార్కును 1831 నుంచి చుట్టుపక్కల స్థలాల యజమానుల తరఫున ట్రస్టీలు చూస్తున్నారు. తాళంచెవి ఉన్నవాళ్లకే ప్రవేశం. బయట నిలబడి ఇనుప కంచెలోంచి చూసేవాళ్లకు ఇది ఎంత న్యాయమన్నది వేరే చర్చ.

కోల్‌కతాకు కూడా కమిటీ నడిపే తోటల చరిత్ర పాతదే. అలీపూర్‌లోని అగ్రి హార్టికల్చరల్ సొసైటీ ఆఫ్ ఇండియాను 1820లో విలియం కేరీ స్థాపించాడు. అది సభ్యుల సంఘం. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీ ఈయనే.

అందరిదీ అయినది ఎవరూ పట్టించుకోక పాడైపోతుందన్న మాటకు శాస్త్రీయ రూపం ఇచ్చినవాడు అమెరికా జీవశాస్త్రజ్ఞుడు గారెట్ హార్డిన్. 1968లో 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసంలో ఉమ్మడి పచ్చికబయలును ఉదాహరణగా తీసుకున్నాడు. ఒక్కో పశువును అదనంగా తోలితే లాభం ఒకరిది, నష్టం అందరిది. కాబట్టి బయలు నాశనం కాక తప్పదన్నాడు. ఎలినార్ ఆస్ట్రమ్ దీన్ని ఊహతో కాకుండా క్షేత్రంలో పరీక్షించారు. స్విట్జర్లాండ్ కొండ పచ్చికలు, స్పెయిన్‌లోని వాలెన్సియా కాలువలు, ఇంకా ఎన్నో చోట్ల శతాబ్దాలుగా ఉమ్మడి వనరులు నిలబడి ఉన్నాయని 1990లో వచ్చిన తన పుస్తకంలో చూపారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. ఆ విభాగంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమె.

నిలబడినవాటిలో ఆమెకు కనిపించిన పోలికలు తెలుగు పల్లెలకు కొత్తేమీ కాదు. ఆయకట్టు ఎంతవరకో, ఎవరి పొలానికి ఎప్పుడు నీరో ముందే తేలి ఉండేది. తూము దగ్గర నీరటి ఉండేవాడు. అతనికి జీతం రైతులే ధాన్యం రూపంలో ఇచ్చేవారు కాబట్టి జవాబు చెప్పుకోవలసింది కూడా వాళ్లకే. తప్పుచేసిన రైతుకు మొదట మందలింపు, తర్వాతే జరిమానా. ఆస్ట్రమ్ సూత్రాల్లో హద్దులు, పర్యవేక్షణ, అంచెలంచెల శిక్ష అని ఉన్నవి ఇవే. అపార్ట్‌మెంట్‌లో నీరటి స్థానం మాలీది. చాలా కమిటీలు అతనికి ఇరవైమంది యజమానులను తయారుచేస్తాయి. ఒకరు మల్లె కత్తిరించమంటారు, ఇంకొకరు వద్దంటారు. మాలీకి పని చెప్పేది ఒక్కరే అయి ఉండాలన్న నియమం ఒక్కటి పెట్టినా సగం గొడవలు తగ్గుతాయి.

చందా ఎందుకు ఆగిపోతుంది?

జ్యూరిచ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్నస్ట్ ఫెహర్, సైమన్ గెఖ్టర్ 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం తోట కమిటీ ఖజాంచీలందరికీ తెలియవలసినది. నలుగురి బృందం. ఒక్కొక్కరికీ 20 టోకెన్లు. ఎవరికి వాళ్లు దాచుకోవచ్చు, ఉమ్మడి ఖాతాలో వేయవచ్చు. ఖాతాలో వేసిన ప్రతి టోకెనుకూ నలుగురిలో ఒక్కొక్కరికీ 0.4 వస్తుంది. అంటే బృందానికి 1.6 లాభం, వేసినవాడికి మాత్రం 0.6 నష్టం. అందరూ మొత్తం వేస్తే తలా 32. ఎవరూ వేయకపోతే తలా 20. ముగ్గురు వేసి ఒకడు ఎగ్గొడితే ఎగ్గొట్టినవాడికి 44, మిగతావాళ్లకు 24.

ఆట మొదట్లో చాలామంది ఉదారంగానే వేస్తారు. విడతలు గడిచేకొద్దీ చందా పడిపోతుంది. మనుషులు స్వార్థపరులని దీనికి అర్థం చెప్పుకోవడం తేలిక, కానీ పూర్తిగా సరికాదు. మరో ప్రయోగంలో, 2001లో, సుమారు సగం మంది 'మిగతావాళ్లు ఎంత వేస్తే నేనూ అంత' అనే రకమని తేలింది. పూర్తిగా ఎగ్గొట్టేవాళ్లు మూడో వంతుకు లోపే. ఆ కొద్దిమందిని చూసి సగం మంది చేయి వెనక్కి తీసుకుంటారు. అదే ఆటలో, తన డబ్బు కొంత ఖర్చుపెట్టి ఎగవేతదారుకు జరిమానా వేసే వీలు కల్పించగానే చందాలు తిరిగి పైకి వెళ్లాయి.

దీన్ని బట్టి ఖజాంచీ చేయవలసింది స్పష్టమే. ఎన్ని ఇళ్లవాళ్లు కట్టారో ప్రతి నెలా నోటీసు బోర్డు మీద కనిపించాలి. వందలో తొంభై ఇళ్లు కట్టాయని తెలిస్తే తటపటాయించేవాళ్లు కట్టేస్తారు. బకాయిదారుల పేర్లు మాత్రమే పెద్ద అక్షరాలతో అంటించే కమిటీలు తెలియకుండానే ఎగ్గొట్టడం మామూలేనన్న సందేశం ఇస్తున్నాయి.

చెట్టు, గాలి, నీరు

2020 మే 20న అంఫన్ తుపాను కోల్‌కతాలో వేలాది చెట్లను కూల్చింది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల కాలవైశాఖి గాలిని తట్టుకున్న చెట్టు 120 కిలోమీటర్ల గాలిలో నాలుగింతల తోపుడు ఎదుర్కొంటుంది. చెట్టు నిలబడేది వేళ్ల విస్తీర్ణం మీద. ఎర్ర తురాయి వేళ్లు ఎక్కువగా పైపైనే పాకుతాయి. మొదలు చుట్టూ సిమెంటు చప్టా వేసి, పక్కన పార్కింగు కోసం ఒక వైపు వేళ్లు నరికితే ఆ చెట్టు తాడు తెగిన డేరాలాంటిదే. చప్టాను ఒక మీటరు దూరం జరపడం చవకైన తుపాను బీమా. పడుతుందేమోనని ముందే కొట్టేద్దామంటే కమిటీ తీర్మానం చాలదు. అటవీయేతర ప్రాంతాల్లోని చెట్లకు పశ్చిమ బెంగాల్‌లో 2006 నాటి చట్టం ప్రకారం అనుమతి ఉండాలి.

చెట్టు బదులు రెండు కార్లకు చోటు వస్తుందనేవాళ్లకు ఒక లెక్క చూపవచ్చు. నీరు బాగా అందిన పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేస్తుందనుకుందాం. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్లు కావాలి. మొత్తం 245 మెగాజౌళ్లు, అంటే 68 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి. పది గంటల పగటికి పంచితే 6.8 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి లాగే వేడి 5.3 కిలోవాట్లు. అయితే ఈ లెక్కను పూర్తిగా నమ్ముకోకూడదు. కోల్‌కతా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చాలా రోజుల్లో ఆవిరి ఇంతకంటే తక్కువే. అక్కడ ఒంటికి తెలిసే చల్లదనంలో పెద్ద వాటా నీడది.

నీటి విషయంలో హైదరాబాద్ అనుభవాన్ని యథాతథంగా తీసుకెళ్తే దెబ్బతింటారు. మన దగ్గర ఇంకుడు గుంత తవ్వితే నీరు శిథిలమైన రాతిపొరలోకి, పగుళ్లలోకి దిగుతుంది. కోల్‌కతా కింద చాలా చోట్ల పదుల మీటర్ల మందాన బంకమట్టి పొర ఉంది. భూగర్భజలం దాని కిందెక్కడో ఉంటుంది. తోటలో తవ్విన లోతులేని గుంత వర్షాకాలంలో నిండి అలాగే నిలుస్తుంది. అక్కడ డాబా మీది నీటిని తొట్టెల్లో దాచి మార్చి నుంచి మే దాకా వాడుకోవడం మేలు. ఎండాకాలంలో తోట రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకుంటే వెయ్యి చదరపు మీటర్లకు 5,000 లీటర్లు కావాలి. ఒక్క కాలవైశాఖి 20 మిల్లీమీటర్లు కురిస్తే నాలుగు రోజుల నీరు వచ్చినట్టే. ఆ మరుసటి ఉదయం కూడా పైపు తిప్పే మాలీని ఆపడానికి అయిదు రూపాయల ప్లాస్టిక్ గ్లాసు వానమాపకంగా సరిపోతుంది.

రాలిన ఆకుల మాటకొస్తే, 2016 ఘనవ్యర్థాల నిబంధనలు తోట చెత్తను తగలబెట్టడాన్ని నిషేధించాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలన్నాయి. ఎండాకుల్లో కర్బనం మరీ ఎక్కువ, వంటింటి తొక్కల్లో నత్రజని ఎక్కువ. కర్బనం, నత్రజని పాళ్లు 30కి 1 దగ్గర ఉంటే కుప్ప వేడెక్కి కుళ్లుతుంది. వాసన వస్తోందంటే ఎండాకు చాలలేదని అర్థం.

నిల్వ చేసిన నీటితో మాత్రం ఒక ప్రమాదముంది. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో గుర్తించాడు. దోమకాటుతోనే అది వ్యాపిస్తుందని మరుసటి ఏడాది కోల్‌కతాలో పక్షుల మీద నిరూపించాడు. ఇప్పుడు ఆ నగరపు తోటలకు ఎక్కువ బెడద డెంగీని మోసే ఈడిస్ దోమతో. అది మురుగులో కాకుండా కుండీ కింది పళ్లెంలో, తొట్టెలో, పందిరికి నాటిన వెదురు బొంగు కణుపులో నిలిచిన తేట నీటి అంచున గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వానాకాలంలో ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నీరు పారబోస్తే చక్రం తెగుతుంది, పది రోజులకొకసారి అయితే తెగదు. పారబోయడం ఒక్కటే చాలదు కూడా. గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. పళ్లేలను పీచుతో రుద్ది కడగాలి, తొట్టెలకు దోమ దూరని జాలీమూత ఉండాలి, పూజ అయిపోయాక వెదురు బొంగులు తోట మూలన పడి ఉండకూడదు. మాలీ పనుల పట్టికలో ఏ వారం ఏ రోజు ఈ పని జరిగిందో, ఎవరు చూశారో సంతకంతో ఉండాలి. ఆ రోజు మాలీ సెలవులో ఉంటే పళ్లేలు కడగవలసింది ఎవరో కూడా పట్టికలోనే రాసి ఉండాలి.