ఉసిళ్ళు, ఎర్రచీమలు, మాంసకృత్తులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తొలకరిలో ఉసిళ్ళు పట్టి వేయించుకు తినే అలవాటును ఇప్పటి పిల్లలు చిన్నచూపు చూస్తున్నారు. అది కరువుకాలపు తిండేనా?

జవాబు: కాదు. చెదపుట్టలో పెరిగి, తొలి వానల తరువాత కొత్త పుట్టలు పెట్టడానికి రెక్కలతో బయటికి ఎగిరే ఆడ, మగ చెదపురుగులనే ఉసిళ్ళంటారు. దీపపు వెలుగుకు చేరిన వాటిని పోగుచేసి, మూకుడులో వేయించి, చేటలో చెరిగి రెక్కలు పోగొట్టి, వేయించిన బియ్యంతోనో పేలాలతోనో కలిపి తినడం తెలుగు పల్లెల్లో కొన్ని కుటుంబాలకు ఏటా కొద్ది రోజులే దక్కే రుచి. కరువులో మనిషి దొరికినదల్లా తింటాడు. ఏ పురుగు, ఏ అదనులో, ఎంత వేపుతో అన్న ఎంపిక ఉన్నచోట అది వంటకమే అవుతుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు, ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలతో నూరే కాయి పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు, అనగా ఒక సరుకు ఫలానా ప్రాంతానిదేనని చట్టం చెప్పే గుర్తు, లభించింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో వెలువరించిన నివేదిక ప్రపంచంలో మనుషులు తినే కీటకాల జాతులు 1,900కు పైగా ఉన్నాయని లెక్కించింది.

ప్రశ్న: కీటకాల్లో నూటికి 60 పాళ్ళు మాంసకృత్తులే అనే మాట నిజమేనా?

జవాబు: ఆ అంకెను రెండు దిద్దుబాట్లతో చదవాలి. మొదటిది, అది నీరంతా ఆరిపోయిన పొడి లెక్క. పచ్చి ఇలకోడిలో, అంటే కీచురాయిలో, 100 గ్రాములకు ఉండేది సుమారు 20 గ్రాములే కనుక కోడిమాంసానికి దగ్గరే తప్ప దానికి అనేక రెట్లు కాదు. రెండవది, ప్రయోగశాలలు మాంసకృత్తులను నేరుగా తూచవు. పదార్థంలోని నత్రజనిని కొలిచి దానిని 6.25తో హెచ్చిస్తాయి. అయితే కీటకపు పైపెంకులోని కైటిన్ అనే గట్టి పీచులోనూ నత్రజని ఉండటంతో, మాంసకృత్తు కానిది కూడా ఆ లెక్కలో చేరిపోతుంది. పిండిపురుగుల వంటి లార్వాలకు 4.76 తగిన గుణకమని 2017లో పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ ప్రకారం 60 అన్న అంకె సుమారు 46కు దిగుతుంది. దిగినా అది మంచి ఆహారమే. ఉసిళ్ళకైతే కొత్త పుట్ట పెట్టేదాకా సరిపడే నిల్వ ఒంట్లోనే ఉండటం చేత కొవ్వు కూడా ఎక్కువ, కమ్మదనం దానివల్లనే.

ప్రశ్న: రొయ్యలు పడనివారు కీటకాలు తినవచ్చునా?

జవాబు: తినకూడదు. రొయ్య, పీత, మిడత, చీమ అన్నీ కీళ్ళ కాళ్ళు గల సంధిపాదులనే ఒకే పెద్ద వర్గానికి చెందినవి. వాటి కండరాల్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు రొయ్యలు పడకపోవడానికి ముఖ్య కారణం, పైగా అది వేడికి సులువుగా నశించేది కాదు. కనుక బాగా వేయించామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. తిన్న తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ప్రశ్న: ఎక్కడ దొరికిన కీటకాలైనా వండుకోవచ్చునా? పట్టుపురుగుల మాటేమిటి?

జవాబు: ఇంటి పునాదుల్లో చెదమందు పోసినచోట, పురుగుమందు కొట్టిన చేల గట్లమీద పట్టినవి వండకూడదు, ఎందుకంటే వేయించడం వల్ల క్రిములు చస్తాయి గాని మందు అవశేషం పోతుందన్న భరోసా లేదు. 2020లో రాజస్థాన్ మీదికి వచ్చిన మిడతల దండువంటి వాటిపై మందు చల్లుతారు కనుక అవీ తిండికి పనికిరావు. అస్సాంలో ఎరి పట్టుపురుగు ప్యూపా, అనగా పట్టుకాయలో ముడుచుకొని ఉండే దశలోని పురుగు, ఇష్టమైన కూర. అయినా హిందూపురం ప్రాంతంలో పట్టుదారం తీశాక మిగిలే ప్యూపాను చూసి అదే తిండి అనుకోరాదు. కొవ్వు ఎక్కువైన ఆ పురుగు తడిలో త్వరగా చెడిపోతుంది కనుక, తిండికోసమే శుభ్రంగా తీసి వెంటనే వండినది వేరు, దారం తీసే తొట్టి అడుగున మిగిలినది వేరు.

ప్రశ్న: పిల్లల బలానికి ఇలకోళ్ళ పొడి కొనాలా?

జవాబు: అవసరం లేదు. కిలో బరువు పెరగడానికి కీటకాలకు సగటున 2 కిలోల మేత చాలునని, గొడ్డుకు 8 కిలోలు కావాలని పైన చెప్పిన ఆహార వ్యవసాయ సంస్థ నివేదిక పేర్కొంటుంది. నేలను, నీటిని తలచుకుంటే అది గౌరవించదగిన వాదమే. అయితే అన్నంలో కొరవడే లైసిన్ అనే మాంసకృత్తుల ముఖ్యాంశాన్ని పప్పు పూరిస్తుంది. దానికి గుడ్డో, పాలో, వేరుశనగలో తోడైతే ఎదిగే పిల్లలకు కావలసినది ఇంట్లోనే సమకూరుతుంది. శాకాహారులు ఈ విషయంలో వెలితి పడనక్కరలేదు. తరతరాలుగా ఉసిళ్ళు తినే కుటుంబాలు మాత్రం ఏ పుట్ట మంచిదో, ఏ వానకు పట్టాలో, ఎంత వేపితే పచ్చివాసన పోతుందో పెద్దలకు తెలిసిన ఆ విద్యను సిగ్గుపడి వదులుకోక పిల్లలకు నేర్పాలి, ఎందుకంటే పొడి డబ్బా మీద అచ్చయిన ఏ అంకె కూడా ఆ జాగ్రత్తలను నేర్పలేదు.