ఇంట్లో ఫ్యూజన్ రియాక్టరా? ఇంటర్ కుర్రాళ్లు అసలు ఎక్కడ మొదలుపెట్టాలి

ఫ్యూజన్ అనగానే వేల కోట్ల ప్రాజెక్టులే గుర్తొస్తాయి. కానీ అమెరికాలో టేలర్ విల్సన్ 2008లో, 14 ఏళ్లకే చేశాడు. మెంఫిస్ కుర్రాడు జాక్సన్ ఓస్వాల్ట్ 2018 జనవరిలో, 13వ పుట్టినరోజుకి కొన్ని గంటల ముందు చేసి గిన్నిస్ రికార్డు కొట్టాడు. ఇద్దరూ వాడింది ఫ్యూజర్ అనే పరికరమే. దీని మూలం ఫార్న్స్‌వర్త్‌ది. ఎలక్ట్రానిక్ టీవీ కనిపెట్టింది కూడా ఆయనే!

పని చేసే పద్ధతి సింపుల్. గాలి తీసేసిన స్టీల్ ఛాంబర్ మధ్యలో తీగతో చేసిన గోళాకారపు గ్రిడ్ ఉంటుంది. దానికి మైనస్ 20 నుంచి 40 వేల వోల్టులు ఇచ్చి, లోపలికి కొద్దిగా డ్యుటీరియం గ్యాస్ వదులుతారు. ప్లస్ ఛార్జ్ ఉన్న అయాన్లు గ్రిడ్ వైపు దూసుకెళ్లి, ఎక్కడో కొన్ని గుద్దుకుని అతుక్కుంటాయి. దాదాపు సగం సార్లు హీలియం-3, ఒక న్యూట్రాన్ వస్తాయి. మిగతా సగం ట్రిటియం, ప్రోటాన్. వీడియోల్లో కనిపించే ఊదా రంగు వెలుగు ప్లాస్మా మాత్రమే, ఫ్యూజన్‌కి సాక్ష్యం కాదు. న్యూట్రాన్ డిటెక్టర్ పలికితేనే లెక్క.

కరెంటు వస్తుందా అంటే, సెకనుకి 10 లక్షల ఫ్యూజన్లు జరిగాయనుకుందాం. 5000 ఎంఏహెచ్ ఫోన్ ఫుల్ ఛార్జ్ కావడానికి సుమారు 3,700 సంవత్సరాలు. ఫాస్ట్ ఛార్జింగ్ సపోర్ట్ లేదు మరి.

ఇప్పుడు సీరియస్ మాట. గుడివాడలో ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు "అన్నా, పాత ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది, దాంతో మొదలెట్టనా?" అని మెసేజ్ పెట్టాడు. వద్దురా అన్నాను. అది ఇచ్చే 2 వేల వోల్టులు, ఆంపియర్‌కి అటూ ఇటూ కరెంటు, ఒక్క షాక్‌తో గుండె ఆపేస్తాయి. ఓవెన్‌లోని కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా ఛార్జ్ పట్టుకుని ఉండొచ్చు. ఫ్యూజర్ వోల్టేజీల దగ్గర ఎక్స్‌రేలు కూడా పుడతాయి, అవి గాజు కిటికీలోంచి బయటికొస్తాయి. అందుకే తెలిసినవాళ్లు లోపలికి కెమెరాతోనే చూస్తారు. పైగా డ్యుటీరియం, భారజలం మన దేశంలో అణుశక్తి చట్టాల కింద నియంత్రణలో ఉన్నాయి. భారజలం మన మణుగూరులోనే తయారవుతుంది, కానీ బజార్లో కొనేది కాదు.

మరి ఏం చేయాలి? మొదట స్పెక్ట్రోస్కోప్. ఇందులో బందరుకి పెద్ద చరిత్రే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం రోజు మద్రాస్ అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పోగ్సన్ మచిలీపట్నంలో, ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో పరికరాలు పెట్టుకున్నారు. సోడియం గీతతో సరిపోలని పసుపు గీత ఒకటి పోగ్సన్ కంట పడింది. తర్వాత లాకయర్ దానికి హీలియం అని పేరు పెట్టాడు. అంటే సూర్యుడిలో జరిగే ఫ్యూజన్ మిగిల్చే బూడిద జాడ మన బందరులో కనిపించిందన్నమాట. ఈ విషయం మన స్కూల్ పుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకైతే అర్థం కాదు.

నల్ల అట్టపెట్టెకి ఒక వైపు రెండు బ్లేడ్లతో సన్నటి సందు, రెండో వైపు పొర ఒలిచిన డీవీడీ ముక్క, దాని వెనక ఫోన్ కెమెరా. సీడీ కంటే డీవీడీ మేలు, గీతలు 0.74 మైక్రాన్ల దూరంలోనే ఉంటాయి కాబట్టి రంగులు బాగా విడిపోతాయి. ఫోన్‌ని ప్రో మోడ్‌లో పెట్టి ఫోకస్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే ప్రతి ఫోటోకీ రంగు మారిపోతుంది. సీఎఫ్ఎల్ బల్బులో మెర్క్యురీ ఆకుపచ్చ గీత 546 నానోమీటర్లు, స్టవ్ మంటలో ఉప్పు చల్లితే సోడియం 589. ఈ రెండింటితో స్కేల్ కుదురుతుంది. హీలియం గీత 587.6 దగ్గర. తేడా 2 నానోమీటర్లు కూడా లేదు, పోగ్సన్ పని ఎంత కష్టమో చూడండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా పెట్టొద్దు.

తర్వాత వాక్యూమ్. ఫ్యూజర్ కట్టేవాళ్ల టైమంతా లీకులు వెతకడానికే పోతుంది. ఏసీ మెకానిక్‌ల దగ్గర టూ స్టేజ్ పంపు, మైక్రాన్ గేజ్ ఉంటాయి, దివిసీమ పల్లెల్లో కూడా అడిగితే దొరుకుతాయి. పెద్దవాళ్లు పక్కన ఉండగా, కళ్లద్దాలు పెట్టుకుని, స్టీల్ పాత్రతో ప్రాక్టీస్ చేయండి. గాజు సీసా వద్దు, లోపలికి పేలుతుంది. వోల్టేజ్ అసలు వద్దు. గేజ్ 100 మైక్రాన్ల కిందికి దిగాక వాల్వ్ మూసి పది నిమిషాలు చూడండి. రీడింగ్ పైకి పాకుతుంటే ఎక్కడో లీకు ఉండొచ్చు. ఓ-రింగ్ తీసి, తుడిచి, వాక్యూమ్ గ్రీజు పల్చగా రాసి మళ్లీ మొదలుపెట్టండి.