దుంగకి అన్‌డూ లేదు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఆరో తరగతి. మా నౌపడ వైపు, ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మా అమ్మమ్మ పెంచిన పనస కూడా పడింది. దుంగని మిల్లుకి తోలే ఖర్చు పెట్టలేక వంటచెరుకు కింద అమ్మేశారు. ఆ మాటెత్తితే అమ్మమ్మ ఇప్పటికీ మాట్లాడదు.

మొన్న వేసవికి పెరట్లో రెండో పనస ఎండిపోయింది. ఈసారి మావయ్య, అటవీ శాఖ లైసెన్సు ఉందో లేదో కనుక్కుని మరీ, పోర్టబుల్ బ్యాండ్ సా మిల్లునే ఇంటికి రప్పించాడు. ఆ చెక్కతో అమ్మమ్మకి వీధి తలుపు చేయించాలి.

ఈ మిషన్‌లో సన్నని రంపపు పట్టీ రెండు చక్రాల మీద బెల్టులా తిరుగుతుంది. దుంగ కదలదు. ఇంజిన్ ఉన్న హెడ్డే రెండు పట్టాల మీద నడుస్తూ కోస్తుంది.

మొదటి పలక తేడా వచ్చింది. ఒక కొన బాగుంది, రెండో కొనకి వచ్చేసరికి ఒక అంచు 25 మిల్లీమీటర్లు, ఇంకో అంచు 29. నేను వెంటనే తెలివి చూపించి, రంపాన్ని నొక్కిపట్టే గైడ్ రోలర్ బోల్టు తిప్పించాను. రెండో కొన సరిపోయింది, మొదటి కొన పాడయింది! కోడ్ అయితే కంట్రోల్ జెడ్ కొట్టేవాళ్ళం. రెండు పలకలు పోయాయి.

మేస్త్రి నవ్వలేదు. "ఉప్పుమడి సదును లేకపోతే ఉప్పు పండుతాదా బాబూ? ఇదీ అంతే. ముందు నేల సూడాల" అన్నాడు. ఇంజిన్ ఆపి, మొదట్నుంచి మొదలుపెట్టాడు. ఆ వరస ఇది.

ఒకటి, పట్టాలు. ఈ కొన నుంచి ఆ కొనకి దారం లాగి తిన్నగా ఉన్నాయో చూడాలి. రసమట్టం అడ్డంగా పెట్టి ప్రతి కాలు దగ్గరా చూడాలి. మాది ఇసుక నేల. ఒక కాలు దిగిపోయి పట్టా మెలి తిరిగింది. కింద చెక్క పలక వేసి లేపాం.

రెండు, చక్రాలు. రెండూ ఒకే తలంలో ఉండాలి. రంపాన్ని తయారీదారు చెప్పినంత బిగించి, చేత్తో తిప్పి, అది ముందుకో వెనక్కో జారకుండా చక్రం వంపు సరిచెయ్యాలి.

మూడు, బెడ్. దుంగ కూర్చునే అడ్డకమ్మీల నుంచి రంపం దాకా కొలత రెండు వైపులా ఒకటే రావాలి.

నాలుగు, గైడ్ రోలర్లు. ఇవి రంపాన్ని కొద్దిగా కిందికి నొక్కాలి. రంపం మీద చిన్న స్కేల్ అడ్డంగా పెట్టి, దాని రెండు కొనల నుంచి బెడ్‌కి కొలవాలి. తేడా ఉంటే రంపం ముక్కు పైకో కిందికో చూస్తోందని అర్థం. అలాగైతే కోత ఎక్కుతుంది, లేదా దిగుతుంది.

చివరికి ఒక పనికిరాని దుంగ మీద కోసి చూడాలి.

నాకు అప్పుడు అర్థమైంది. గైడ్ తప్పయితే పలక పొడుగునా ఒకే రకం తేడా రావాలి. తేడా పోనుపోనూ మారుతోందంటే తప్పు పట్టాల్లో ఉందన్నమాట. పలక అలలు అలలుగా వస్తే రంపం మొద్దుబారిందేమో, బిగువు తగ్గిందేమో, హెడ్ మరీ తొందరగా తోస్తున్నామేమో చూసుకోవాలి. ఏదైనా ఒకసారికి ఒక్కటే మార్చాలి. నేను కింది లేయర్‌లో ఉన్న బగ్‌ని పై లేయర్‌లో ప్యాచ్ చేశాను, అంతే.

ఇంకో మాట. రంపం ముట్టుకునే ముందు ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసి, గ్లౌజులు వేసుకోవాలి. పని అయ్యాక బిగువు వదలాలి.

మిగిలిన పలకలు మధ్యలో సన్న పుల్లలు పెట్టి నీడలో పేర్చాం. ఆరాక తలుపు. అమ్మమ్మ రోజూ వెళ్ళి పసుప్పచ్చటి ఆ చెక్కని చేత్తో తడిమి వస్తోంది. పాడైన రెండు పలకలూ ఆవిడే అడిగి తీసుకుంది, పీటలు చేయించుకోవడానికి.